గసగసాల గింజంత నలుపు

లక్నో ల్యాబ్ నుంచి సౌమ్య మెసేజ్ వచ్చేసరికి నేను, పేరుకి బుధవారీ గానీ రోజూ జరిగే బజార్లో మునక్కాడలు ఏరుతున్నాను. మనీష్ సంచి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. మాకు పెళ్లయి నాలుగు నెలలు కూడా నిండలేదు. కూరల సంచి మోయడం అతనికి ఇంకా సరదాగానే ఉంది, మోయించడం నాకు అంతకన్నా సరదాగా ఉంది.

ఫోన్లో ముందు ఒక ఫోటో తెరుచుకుంది. నిలువునా కోసిన కేకు ముక్కలాగా పొరలు పొరలుగా రంగులు. దాని కింద సౌమ్య రెండే వాక్యాలు రాసింది. "మీ అమ్మవారు మొదటినుంచీ నల్లగానే ఉన్నారు. ఆ తెలుపు ఉత్త ప్రైమర్."

నేను మనీష్ చెయ్యి పట్టుకుని బజారు మధ్యలో ఊపేశాను. మునక్కాడలు జారి బుట్టలో పడ్డాయి. కూరలమ్మే ఆవిడ "కా హోగే, నోనీ?" అని, ఏమైందమ్మాయ్ అన్నట్టు, నన్నడిగింది. మనీష్ నాకన్నా ముందే నోరు తెరిచి, "ఖుష్‌ఖబరీ హై, దాయీ" అని శుభవార్త చెప్పేశాడు. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, ముసిముసిగా నవ్వి, గుప్పెడు పచ్చి చింతకాయలు కొసరుగా సంచిలో పడేసింది. మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. అది కాదు దాయీ అని చెప్పడానికి మనసొప్పలేదు. ఆవిడ అంత సంతోషంగా ఇచ్చింది.

స్కూటర్ మీద కూర్చున్నాక మనీష్ వెనక్కి తిరిగి అడిగాడు, మామ్మకి ఇప్పుడే ఫోన్ చేద్దామా అని. వద్దన్నాను. ఈ మాట ఎదురుగా కూర్చుని చెప్పాలి. చెప్పేటప్పుడు ఆవిడ ముఖం నేను చూడాలి.

మామ్మ అంటే మనీష్ నాయనమ్మ, అప్పయమ్మగారు. అమ్మవారు అంటే మా రైల్వే క్వార్టర్ల మధ్య భజన మందిరంలో ఉన్న నూకాలమ్మ. విగ్రహం కాదు, బొమ్మ. పాత చెక్క రైలు పెట్టె విప్పేసినప్పుడు మిగిలిన టేకు పలక మీద, మనీష్ ముత్తాత పోలయ్యగారు వేసిన బొమ్మ. ఆయన రైలు పెట్టెల మీద అక్షరాలు రాసే పెయింటరు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి డ్యూటీలకి వచ్చిన కుటుంబాలకి ఊరి అమ్మవారు కావాల్సి వస్తే, ఆయన షెడ్డులోని రంగులతోనే ఆవిడని తీసుకొచ్చాడు.

ఆ బొమ్మకి ఇక్కడ ఒక సేవ ఉంది. ఏటా కొత్త అమావాస్య పండగకి ముందు అమ్మవారికి ఒక కోటింగ్ వేస్తారు. రైలు పెట్టెలకి వేసే వార్నిషే. ఆ బ్రష్ పట్టుకునే వంతు కోసం క్వార్టర్ల లైన్ల మధ్య అలకలు, పంతాలు, ఏళ్ల తరబడి గుర్తుంచుకునే కోపాలు ఉన్నాయి. మనీష్ పుట్టిన ఏడాది వంతు వీళ్లకే వచ్చిందట, అందుకే పిల్లాడు ఇంత నునుపుగా ఉన్నాడని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. అలా పూత మీద పూత పడి, ఆ వార్నిష్ ముదిరి, దీపాల పొగ, ఒకప్పటి ఆవిరి ఇంజిన్ల మసి అందులో చిక్కుకుని, అమ్మవారు చిక్కటి కాఫీ డికాషన్ వెనక నిలబడినట్టు ఉంటుంది. కళ్లు, ముక్కుపుడక మాత్రం లీలగా తెలుస్తాయి. అందరూ ఆవిడని నల్ల తల్లి అనే పిలుస్తారు.

నేను విజయనగరంలో పుట్టాను. పాత బొమ్మల్ని పరీక్షించి బాగుచేసే చదువు ఢిల్లీలో చదివాను. మామ్మ నాకు పెట్టిన పేరు 'బొమ్మల డాక్టరు'. పెళ్లయిన మూడో రోజున దణ్ణం పెట్టించడానికి నన్ను మందిరానికి తీసుకెళ్తే, దణ్ణం సగంలో ఆపి నేను ఆ పలక మూలలు చూడటం మొదలుపెట్టాను. అత్తగారు కంగారుపడ్డారు. మనీష్ మాత్రం, "యే తో గయీ" అని నవ్వాడు. కోడలు చేజారిపోయిందని అర్థం.

ఆ రోజు నుంచీ నాది ఒకటే గోల. ఈ వార్నిష్ ఇంకో పది పూతలు పడితే ఆ కళ్లు కూడా మునిగిపోతాయి. రంగు బీటలు వారుతోంది. ఈ ఏడు కోటింగ్ ఆపి, నన్ను పరీక్ష చేయనివ్వండి అని మందిరం కార్యదర్శి చంద్రమౌళిగారి వెంట పడ్డాను. ఆయన రిటైరైన గార్డు. జేబులో ఇప్పటికీ విజిల్ ఉంటుంది. మామ్మని వదినా అంటారు, ఆవిడకి తప్ప ఎవరికీ భయపడరు. ఆ భయంతోనే ఆఖరికి ఒప్పుకున్నారు.

ఒక ఆదివారం మందిరం కిటికీలకి దుప్పట్లు కట్టి, అల్ట్రావయొలెట్ టార్చి వేశాను. ఆ ఊదారంగు వెలుగులో పాత వార్నిష్ పచ్చి మామిడికాయ రంగులో మెరుస్తుంది. తర్వాత ఎవరైనా రంగు దిద్దితే, వార్నిష్‌కి పైన ఉన్న ఆ చోటు నల్లటి మచ్చలా కనిపిస్తుంది. అమ్మవారంతా ఒకేలా పచ్చగా వెలిగింది. జనం దణ్ణాలు పెట్టేశారు. నాకు మాత్రం తెలియాల్సింది తెలియలేదు. ఆ వెలుగు వార్నిష్ దాటి లోపలికి పోలేకపోయింది. అన్నేళ్ల ప్రేమ అంత మందంగా ఉంది.

సరే, పైన మసి ఎలా వదులుతుందో చూద్దామని వెదురు పుల్లకి దూది చుట్టి, అలవాటు ప్రకారం నోట్లో పెట్టుకుని తడిపి, అమ్మవారి పాదం పక్కన మూలకి ఆనించి మెల్లగా తిప్పాను.

మందిరంలో ఆడవాళ్లు నోళ్లకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. మా చదువులో అది మొదటి పాఠం. ఉమ్మిలో ఉండే ఎంజైములు జిడ్డునీ మసినీ నెమ్మదిగా విడదీస్తాయి, రంగుని మాత్రం ముట్టుకోవు. పెద్ద పెద్ద మ్యూజియంలలో చేసే పనే. కానీ నేను మ్యూజియంలో లేను. అత్తవారింటి అమ్మవారికి, అందరి ఎదురుగా, ఎంగిలి పూశాను.

చంద్రమౌళిగారు విజిల్ ఉన్న జేబు గట్టిగా పట్టుకున్నారు. "అమ్మాయ్, ఏటి సేసీసినావు? ఎంగిలి కదా అది."

ఎంజైముల సంగతి అక్కడ చెప్పగలిగింది కాదు. వెనకనుంచి మామ్మ లేచి వచ్చింది. నా చేతిలో పుల్ల తీసుకుని చూసింది. దూది బొగ్గులా అయింది.

"మౌళీ, నీ సిన్నప్పుడు లోకో షెడ్డు కాడ ఆడుకోనొచ్చి ముఖం నిండా మసి పూసుకునీవోడివి. మీ యమ్మ ఏటితో తుడిసీది?"

"కొంగుతో, వదినా."

"పొడి కొంగుతోనా?"

ఆయన చెయ్యి చెంప మీదికి వెళ్లింది.

"నోట్లో తడుపుకుని తుడిసీది. నాను సూసేను. అప్పుడు నీకు ఎంగిలి అంటనేదేటి? ఇన్నేళ్లూ ఈ తల్లికి పూత మీద పూత ఏసేం గానీ, ముఖం ఎవులం తుడిసేం? తుడవనీ గుంటని, పిల్లకి తెలుసు."

నేను తుడిచిన చోట, పెసరగింజంత మేర, పారాణి ఎరుపు కనిపించింది. ఒక్కొక్కరూ వంగి చూశారు. చంద్రమౌళిగారు రెండుసార్లు చూశారు. అంతా "అచ్ఛా" అనుకున్నారు. పరీక్ష సాగింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అమ్మవారి కుడి చెంప మీద, చెవి దగ్గర, ఒక పాత బీట ఉంది. అక్కడ రంగు చిన్న పెచ్చుగా ఊడింది. భూతద్దం పెట్టి చూస్తే అడుగున తెల్లగా మెరిసింది. నేను ఉత్సాహంలో, "ఇక్కడ తెలుపుంది" అని పైకే అనేశాను.

చంద్రమౌళిగారికి ఆ ఒక్క మాట చాలు. అయితే అమ్మ తెల్లటిదే అన్నమాట, ఈ నలుపంతా ఇంజిన్ పొగే అన్నమాట. ఆ సాయంత్రానికి కబురు కుదుదండ్ పేటలో ఉన్న బంధువుల దాకా, మర్నాటికి పక్క ఊళ్లు బిల్హా, తఖత్‌పూర్‌లలో ఉన్నవాళ్ల దాకా వెళ్లిపోయింది. నల్ల తల్లి నిజానికి తెల్ల తల్లట. కొత్త అమావాస్య ఆహ్వానం వాట్సాప్‌లో వచ్చింది. దాని మీద రోజా పువ్వు రంగులో, ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మవారు నవ్వుతోంది.

తెల్లది అంటే ప్రైమర్ కూడా కావచ్చు, తొందరపడకండి అని నేను ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. నిజం చెప్పాలంటే అందరూ సంతోషంగా ఉన్నారు. మామ్మ తప్ప. ఆవిడ మర్నాడు మందిరానికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మామ్మ నలుపు. మామూలు నలుపు కాదు, నూనె రాసిన నేరేడు పండు నలుపు. నేనూ దాదాపు అదే రంగు. పెళ్లిచూపుల ఫోటో చూసి మనీష్ కన్నా ముందు మామ్మే సరే అందట. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి పదహారేళ్లకి ఆవిడ కోడలిగా ఈ క్వార్టర్లకి వస్తే, లైనులో ఆడవాళ్లు బొగ్గు పిల్ల అని పేరు పెట్టారు. షెడ్డు నుంచి ఇంజిన్‌తో పాటు వచ్చిందా అని అడిగేవారట. వచ్చిన వారానికే ఆవిడ పెరట్లో కూర్చుని ఏడుస్తుంటే, మామగారు పోలయ్యగారు మందిరానికి తీసుకెళ్లి బొమ్మ చూపించారు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదట. "ఈ తల్లిని నానే ఏసేను. నల్లగానే ఏసేను. నీ రంగే" అన్నారట. అంతే. ఆ మాట మామ్మ నాకు మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ మొదటిసారి చెప్తున్నట్టే చెప్పింది.

మూడో రోజు నేను ఆవిడ దగ్గర కూర్చున్నాను. దీపాలకి వత్తులు చేస్తోంది. చేతులు వాటంతట అవే కదులుతున్నాయి, కళ్లు ఎటో ఉన్నాయి.

"ఒలే గుంటా, ఓ మాట సెప్పు. నాను ఈ ఊరొచ్చేసరికే ఆ బొమ్మ పాతది. మౌళి అన్నట్టు, నాను సూసింది మసేనేటి?"

"తెలీదు మామ్మా."

"మావయ్య అబద్దం సెప్పేడేటి మరి? ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెట్టడానికి?"

అబద్ధమైనా అది మంచి అబద్ధమే కదా అనబోయి ఆగాను. ఆవిడకి కావలసింది ఓదార్పు కాదు. అరవై ఏళ్లుగా ఒక మాట మీద నిలబడిన మనిషి, కింద నేల ఉందా లేదా అని అడుగుతోంది. ఆ నేలని తవ్వింది నేనే. తెలుసుకునే దారి ఒకటుంది అని మాత్రం చెప్పాను.

ఆ దారి చాలా చిన్నది. ఊడిపోయిన ఆ పెచ్చు అంచు నుంచి, సన్న కత్తి మొనతో, గసగసాల గింజలో సగం ఉండే ముక్క తీశాను. మంచి రంగుని ముట్టుకోలేదు, ఎలాగూ రాలిపోయే అంచునే తీశాను. మనీష్ ఊపిరి బిగబట్టి టార్చి పట్టుకున్నాడు. చిన్న గాజు సీసాలో వేసి, మీద కాగితం అంటించి, తెలుగులో 'నల్ల తల్లి, కుడి చెంప' అని రాశాను. మనీష్‌కి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను అక్షరాలు నేర్పుతున్నాను. అతను ఆ సీసా పైకెత్తి, వెలుగుకి పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. లవత్తుల దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లి, ఆఖరికి "కుడి... చెంప" అన్నాడు. మొదటిసారి ఒక పూర్తి తెలుగు మాట అతని నోట అక్షరాల్లోంచి వచ్చింది. ఆ ఆనందంలో నేను అతని కుడి చెంప మీద ముద్దు పెట్టాను. అమ్మవారు చూసే ఉంటుంది. ఏమీ అనుకోలేదు.

సీసా లక్నో వెళ్లింది. అక్కడి ల్యాబ్‌లో నాతో చదువుకున్న సౌమ్య పనిచేస్తుంది. ఆ ముక్కని పారదర్శకమైన జిగురులో నిలువునా నిలబెట్టి, గట్టిపడ్డాక అరగదీసి, మైక్రోస్కోప్ కింద పెడితే, బొమ్మ మీద ఏ పొర తర్వాత ఏ పొర పడిందో అంతా పక్కనుంచి కనిపిస్తుంది. సౌమ్యకి విషయం మొత్తం చెప్పలేదు. ముందే చెబితే తనకి కూడా మామ్మ గెలవాలనిపిస్తుంది. అడుగున ఏముందో, పొరల మధ్య మసి ఎక్కడుందో చూసి చెప్పు అని మాత్రమే అడిగాను. ఆ తర్వాత ఎదురుచూశాను. రెండుసార్లు చేపల పులుసులో ఉప్పు ఎక్కువ వేశాను. మనీష్ రెండుసార్లూ తిన్నాడు.

ఇదంతా జరిగాకే చింతకాయల సంచితో మేం ఇంటికి చేరాం.

మామ్మ వరండాలో కూర్చుని ఉంది. ముందు సంచి చూసింది. చింతకాయలు చూసింది. నన్ను చూసింది. మనీష్ చెవులు ఎర్రబడ్డాయి. అది తర్వాత చెప్తాను మామ్మా, ముందు ఇది చూడు అని పక్కన కూర్చుని ఫోన్ ఆవిడ చేతిలో పెట్టాను. కళ్లజోడు సర్దుకుంది.

"ఏటే ఇది, మైసూర్‌పాకా?"

"అమ్మవారి చెంప, మామ్మా. నిలువునా కోసి పక్కనుంచి చూస్తే ఇలా ఉంది. అడుగున గోధుమరంగు చూడు, అది టేకు చెక్క. దాని మీద తెల్లటి పొర. గుమ్మానికి పసుపు రాసేముందు కడిగి శుభ్రం చేస్తావా లేదా? రంగు బాగా పట్టడానికి చెక్క మొత్తానికీ ముందు ప్రైమర్ అని తెల్లది పూస్తారు. మౌళి తాతగారు సంబరపడింది దాన్ని చూసే."

"దాని మీద?"

"దాని మీద ఇదిగో, ఈ నల్లది. ఉత్త నలుపు కాదు, నలుపులో నీలం కలిపారు. దానికి పైనే వార్నిష్ పొరలు, వాటి మధ్య మసి గీతలు. ఇన్ని గీతలు."

మామ్మ వేలు ఆ తెరమీద మెల్లగా కిందికి జారింది. తెలుపుకీ నలుపుకీ మధ్య ఆగింది. ఆవిడ ఏమడగబోతోందో నాకు తెలుసు. ఆ ఒక్క ప్రశ్న కోసమే నేను సౌమ్యకి ఆ సీసా పంపాను.

"ఈ రెంటికీ మద్దిని మసుందా?"

"రవ్వంత కూడా లేదు. తెల్లది ఆరీ ఆరగానే నల్లది వేసేశారు. పొగ వచ్చి వాలడానికి కూడా టైమివ్వలేదు. అమ్మవారి ముఖానికి పోలయ్య తాతగారు వేసిన మొదటి రంగే అది, మామ్మా. మసి కాదు. రంగు."

మామ్మ పైట కొంగు నోట్లో తడుపుకుని, నా ఫోన్ తెర మీద తన వేలి ముద్ర పడిన చోట, ఆ నల్ల పొర మీద, శుభ్రంగా తుడిచింది. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను. మనీష్ గోడవైపు తిరిగాడు.

"మావయ్య అబద్దాలు ఆడీవోడు కాడు" అంది ఆఖరికి. ఎవరో వాదిస్తే సర్దిచెప్పినట్టు అంది. మళ్లీ తెరకేసి చూసి, "నీలం కూడా కలిపేడా?" అని అడిగింది.

"కలిపారు. అందుకే ఆ నలుపు లోపల్నుంచి మెరుస్తుంది."

"మెరుస్తాది మరి. నా పెళ్లినాడు నాను మెరవనేదా?" అని కళ్లజోడు తీసేసి నవ్వింది. ఆ నవ్వుకి మా అత్తగారు వంటింట్లోంచి వచ్చేశారు.

చంద్రమౌళిగారికి మామ్మే ఫోన్ చేయించి, స్పీకర్ పెట్టమంది. విషయమంతా నాచేత మళ్లీ చెప్పించింది. అవతల ఆయన కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది.

"అచ్ఛా. అయితే ఆ కార్డు మార్పించాల." ఆ వెంటనే, "వదినా, మరి బొమ్మ తుడిసినాక బాగుంటాదా?" అన్నారు. గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది.

"ఇన్నేళ్లు నన్ను సూసీ అడుగుతున్నావేటి ఆ మాట?" అంది మామ్మ.

ఆయన నవ్వాపుకోలేక దగ్గారు. వార్నిష్ డబ్బా ఈ ఏడు తీయొద్దని, పూత పూసే వంతు వచ్చినవాళ్లకి ఈసారి దూది పట్టుకునే వంతు ఇవ్వమని మామ్మ తీర్పు చెప్పింది. ఆయన ఎదురు చెప్పలేదు. నేను మధ్యలో దూరి, పైన మసి తుడవడం వరకే అందరి పని, లోపలి వార్నిష్ తీయడానికి మందులు కావాలి, అది నేనొక్కదాన్నే మాస్క్ పెట్టుకుని కొంచెం కొంచెంగా నెలల తరబడి చేయాలి, అడుగున పల్చటి పొర ఒకటి ఉంచేయాలి అని చెప్పాను. అందరూ సరేనన్నారు. ఇంకో మాట కూడా చెప్పాను. ఎంగిలి ఇబ్బందైతే సీసాలో శుద్ధమైన నీళ్లతో అలాంటి పనే చేసే ద్రవం నేను తయారుచేస్తాను, నిదానమవుతుంది గానీ పనవుతుంది.

మామ్మ అప్పటికే దూది చేతిలోకి తీసుకుంది. పోచ లాగి, వెదురు పుల్ల అందుకుని, వత్తి చేసినట్టు ఒక్క తిప్పు తిప్పింది. దూది పువ్వు మొగ్గలా కూర్చుంది. నేను చదువుకున్న రోజుల్లో అలా చుట్టడానికి ఎన్ని వారాలు పట్టిందో తలుచుకుని నాకు నవ్వొచ్చింది.

"సీసాలో నీళ్లు మౌళికియ్యి, ఆడు గడపలు తుడుస్తాడు. మనం అమ్మకి అమ్మ సేసినట్టే సేద్దాం. ఆ దూది నోట్లో పెట్టుకునీ ముందర పెట్టాల్సిన పత్యం ఏటైనా ఉందా, మీ సదువులో?"

ఉంది అన్నాను. నోరు బాగా పుక్కిలించుకోవాలి, అంతకుముందు ఏమీ తినకూడదు. మా ప్రొఫెసర్ ఇదే చెప్పేవారు.

మామ్మ మనీష్ వైపు చూసింది, అత్తగారి వైపు చూసింది, ఆఖరికి నా వైపు.

"మరింకేటి? పూజ నియమమే గదా. రేపు శుక్కురవారం. పొద్దున్నే తానాలు చేసి, నోరు పుక్కిలించుకుని, ఏటీ తినకుండా అందరూ మందిరానికి రండి. మనీషూ, నువ్వు లైటట్టుకో. గుంటా, పాదాలు నువ్వు తుడువు. ముఖం నాను తుడుస్తాను. అయినాక ఇంటికొచ్చి ఆ సింతకాయలు పచ్చడి నూరుకుని తిందాం."